మెదడు కణితి ఉన్న పాపకు ప్రోటాన్ చికిత్స: కడప జిల్లా నుంచి మనం చేయగల సాయం ఏమిటి?

చెరువుకట్ట మాస్టరు, కడప
సోమవారం, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. ఎర్రగుంట్ల దగ్గరి ఒక పల్లెలో నేను పాఠం చెప్పే ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతి చదువుతున్న ఏడేళ్ల పాప గురించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పాప పేరు, ఫొటో ఇక్కడ పెట్టను, దయచేసి ఎవరూ అడగవద్దు. తండ్రి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో రోజుకూలీ, తల్లి పత్తి చేలకు కూలికి పోతుంది.

బడి తెరిచినప్పటి నుంచి పాప పొద్దున లేవగానే వాంతి చేసుకునేది. నులిపురుగులన్నారు, ఎండదెబ్బ అన్నారు, చివరికి దిష్టి తగిలిందన్నారు. అట్లా రెండు నెలలు గడిచిపోయాయి. తరగతిలో నా కంటపడింది వేరే సంగతి. పలక మీద గీతలు తిన్నగా గీసే పిల్లకు గీత వంకర పోసాగింది, అన్నానికి వరుసలో వెళ్లేటప్పుడు గోడ పట్టుకొని నడవసాగింది. స్కానింగులో చిన్నమెదడులో కణితి బయటపడింది. శస్త్రచికిత్స జరిగి నేటికి 16 రోజులు. కణితిని దాదాపు పూర్తిగా తీసివేశామని, అది మెడుల్లోబ్లాస్టోమా అనే, పిల్లల్లో చిన్నమెదడుకు వచ్చే క్యాన్సర్ అని, ఇక తలకూ వెన్నుపాముకూ రేడియేషన్, ఆపైన కీమో తప్పవని డాక్టర్లు చెప్పారు. ఆ వరుసలోనే, వీలుంటే ప్రోటాన్ రేడియేషన్ ఇప్పించుకుంటే పాపకు మంచిదని కూడా ఒక మాట అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆ ఇంట్లో నిద్ర పోయింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అడిగితే 20 లక్షలకు పైగా అవుతుందని అంచనా చెప్పారట. ఉన్న ఎకరా అమ్మితే ఎంత వస్తుందో, మిగిలింది ఎవరిని అడగాలో చెప్పమని ఆ తండ్రి నిన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చొని నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ చికిత్స ఈ పాపకు నిజంగా అవసరమా, ఎక్కడ దొరుకుతుంది, మనలాంటివాళ్లం ఏ విధంగా ఆసరా కావచ్చు అన్నవి తెలిసినవారు చెప్పండి. పొలం అమ్మవద్దని మాత్రం ఒక వారం ఆపి ఉంచాను.

కొలతల మనిషి, కర్నూలు (ఉద్యోగం బెంగళూరులో)
సోమవారం, రాత్రి 11.15

మాస్టరు గారూ, నేను రేడియేషన్ విభాగంలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేస్తున్నాను. నా బాధ్యత వైద్యం చేయడం కాదు, డాక్టరు రాసిన మోతాదు శరీరంలో ఎక్కడెక్కడ ఎంత పడుతుందో లెక్క కట్టడం. కాబట్టి నాకు తెలిసిన మేరకు చెబుతాను.

మామూలు రేడియేషన్‌లో వాడేది శక్తిమంతమైన ఎక్స్-రే కిరణం. అది చర్మం దాటిన కొద్ది లోతులోనే ఎక్కువ శక్తిని వదిలి, కణితిని తాకి, అక్కడ ఆగకుండా అవతలి వైపు నుంచి బయటికి పోతుంది. పోతూ పోతూ దారిలో ఉన్న మంచి కణజాలానికీ కొంత కొంత పంచుతుంది. ప్రోటాన్ అనేది పరమాణువు నడిబొడ్డున ఉండే కణం, అది అట్లా కాదు. దాని వేగాన్ని బట్టి ఎంత లోతుకు పోవాలో ముందే నిర్ణయించవచ్చు. దారిలో తక్కువ వదిలి, ఆగిపోయే చోట తనలోని శక్తిలో అధికభాగం ఒక్కసారిగా వదిలేస్తుంది, ఆ తర్వాత ముందుకు పోదు. దీన్ని బ్రాగ్ శిఖరం అంటారు. మన అనంతపురం చీనీ తోటల రైతుకు చెప్పాలంటే, ఎక్స్-రే కాలువ కట్టి పారించే నీళ్ల వంటిది, చెట్టుకూ అందుతుంది, సాళ్లన్నీ తడుస్తాయి. ప్రోటాన్ డ్రిప్పు పైపు వంటిది. అయితే డ్రిప్పు పైపు జానెడు పక్కకు జరిగితే చెట్టు ఎండినట్టే, ఇక్కడ కూడా గురి కొన్ని మిల్లీమీటర్లు తప్పినా నష్టమే. అందుకే దీనికి ఇంత ఏర్పాటు, ఇంత ఖర్చు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ 1946లోనే ప్రోటాన్లను వైద్యానికి వాడవచ్చని ప్రతిపాదించారు. 1954లో బర్క్‌లీలో మొదటి రోగికి ఇచ్చారు. మన దేశంలో 2019లో చెన్నైలోని అపోలో ప్రోటాన్ కేంద్రం మొదలైంది. 2023లో టాటా మెమోరియల్ సెంటర్ వారు నవీ ముంబైలోని ఖార్‌ఘర్ ప్రాంగణంలో రోగులకు ప్రోటాన్ చికిత్స ఆరంభించారు. అది కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగం కింద నడిచే సంస్థ, అక్కడ పేదవారికి రాయితీలు ఉంటాయి. ప్రైవేటు అంచనా చూసి భయపడి పొలం అమ్మే ముందు, పాప కాగితాలు ఖార్‌ఘర్‌కు చేరేటట్టు చూడండి.

మీ పాపకు అవసరమా అంటే, ఇలాంటి కణితికి మామూలు మోతాదులో తలకూ వెన్నుకూ కలిపి 23.4 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత), ఆపైన కణితి ఉన్న చోటికి మొత్తం 54 గ్రే వచ్చేటట్టు ఇస్తారు. రోజుకు 1.8 చొప్పున 30 సార్లు, వారానికి ఐదు రోజులు, అంటే ఆరు వారాలు. వెన్నుకు ఎక్స్-రే ఇచ్చినప్పుడు అది ముందువైపుకు దాటి గుండె, అన్నవాహిక, థైరాయిడ్, పేగులను తాకుతుంది, ఆడపిల్ల అయితే అండాశయాల వైపు కూడా కొంత చేరవచ్చు. ప్రోటాన్ వెన్నుపూస దగ్గరే ఆగుతుంది. తల విషయంలో మాత్రం నిజం చెప్పాలి. మొదటి 13 రోజులు మెదడంతటికీ ఇవ్వవలసిందే గనుక అక్కడ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. తర్వాతి 17 రోజుల్లో చెవి లోపలి భాగాన్ని, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలను, ఎదుగుదలను నడిపించే పీయూష గ్రంథిని కాపాడటంలో ప్రోటాన్‌ది పైచేయి.

తుంగభద్ర గట్టు, కర్నూలు
మంగళవారం, ఉదయం 7.05

నేను ఆ రేడియేషన్ అనుభవించి బతికినవాడిని. నాకిప్పుడు 26 ఏళ్లు. ఎనిమిదేళ్ల వయసులో ఇదే కణితికి, ఆనాడు అందుబాటులో ఉన్న ఎక్స్-రే యంత్రంతోనే తలకూ వెన్నుకూ చికిత్స తీసుకున్నాను. ఆ డాక్టర్లకు నేను చేతులెత్తి మొక్కుతాను, వాళ్లు లేకపోతే ఈ మాటలు రాసేవాడిని కాను. అయినా తర్వాతి పద్దెనిమిదేళ్ల బతుకు ఎట్లా సాగిందో మీరంతా తెలుసుకోవాలి, ఎందుకంటే ‘మంచిది’ అని డాక్టరు అన్న మాటకు అర్థం అందులోనే ఉంది.

పొద్దున లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను, అది జీవితాంతం. రెండు చెవులకూ వినికిడి యంత్రాలు ఉన్నాయి. కీమో మందు వల్ల కొంత, రేడియేషన్ వల్ల కొంత అని చెప్పారు. నిలబడితే నా ఎత్తు తక్కువ అని ఎవరూ పెద్దగా గమనించరు గాని, పంక్తి భోజనానికి కూర్చుంటే పక్కవాడి భుజం దగ్గరికి వస్తాను, ఎందుకంటే కాళ్లు పెరిగినంత వెన్ను పెరగలేదు. తరగతిలో అర్థం కాకపోవడం ఉండేది కాదు, అర్థమయ్యేసరికి మాస్టరు రెండు లెక్కలు ముందుకు పోయేవారు. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చునని మాకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ ఐదేళ్లలో పూర్తి చేశాను. ఇప్పుడు మా బజారులోనే జిరాక్స్ దుకాణం నడుపుకుంటున్నాను, నా తిండి నేను సంపాదించుకుంటున్నాను.

ప్రోటాన్ వస్తే ఇవన్నీ పోతాయని నేను అనడం లేదు. ఇందులో సగం తగ్గినా, ఒక్క చెవి మిగిలినా, ఆ పాపకు అది అరవై ఏళ్ల పాటు మిగిలే ఆస్తి.

లెక్కల పుస్తకం, అనంతపురం
మంగళవారం, ఉదయం 10.30

తమ్ముడూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఎవరో ఒకరు అడగవలసిన ప్రశ్న కాబట్టి అడుగుతున్నాను, దీన్ని కఠినంగా తీసుకోవద్దని మనవి.

మా మిత్రబృందం ఆరేళ్లుగా అనంతపురం ప్రాంతంలో క్యాన్సర్ వచ్చిన పిల్లలకు మందులు, దారి ఖర్చులు చూస్తున్నది. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, పేద దేశాలు చాలావాటిలో 30 శాతం కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి కనీసం 60 శాతానికి చేర్చాలని 2018లో లక్ష్యం పెట్టుకుంది కూడా. మన దగ్గర పిల్లలు ప్రోటాన్ లేక చనిపోవడం లేదు. జబ్బు ఆలస్యంగా బయటపడి, లేదా రెండో కీమో తర్వాత జుట్టు ఊడిందని, కూలి పోతోందని, ఊరికి తిరిగి వచ్చేసి చనిపోతున్నారు. నా పుస్తకంలో అట్లా చికిత్స పూర్తయిందని రాయవలసిన గడి ఖాళీగా వదిలేసిన పేర్లు ఉన్నాయి, ఆ పేజీలు తిప్పడం నాకు కష్టంగా ఉంటుంది. ఒక పాపకు 20 లక్షలు సమకూర్చే శక్తే మనకుంటే, అదే డబ్బుతో ఎంతమంది పిల్లల చికిత్స మధ్యలో ఆగకుండా చూడవచ్చు? ఎముకమజ్జకు వచ్చే రక్త క్యాన్సరే పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువ, దానికి చాలావరకు మందులతోనే నయమవుతుంది.

కొలతల మనిషి, కర్నూలు
మంగళవారం, మధ్యాహ్నం 1.20

అన్నగారి ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటవేయకూడదు. ప్రోటాన్ అందరికీ కాదు. రక్త క్యాన్సర్ పిల్లలకు దాని అవసరం సాధారణంగా రాదు. నయమయ్యే అవకాశం బాగా ఉండి, ముందు చాలా బతుకు ఉన్న పిల్లకు, కణితి మెదడులోనో కపాలం అడుగునో కంటి వెనుకనో వెన్ను పక్కనో ఉన్నప్పుడు దాని విలువ ఎక్కువ. బతికే అవకాశం రెండు పద్ధతుల్లోనూ దాదాపు సమానమే. తేడా తర్వాతి జీవితంలో కనిపిస్తుంది. ఇదే కణితి ఉన్న పిల్లల తెలివితేటలను ఏళ్ల తరబడి పరిశీలించి అమెరికా, కెనడా వైద్యులు 2020లో ప్రచురించిన పరిశోధనలో ప్రోటాన్ తీసుకున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో మెరుగ్గా నిలిచారని తేలింది. పిల్లల సంఖ్య ఎనభై లోపే గనుక అదే తుది మాట అనలేం.

ఇంకొక సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఈ కణితికి శస్త్రచికిత్స తర్వాత రేడియేషన్ ఏడు వారాలు దాటకుండా మొదలుకావాలి. నాలుగైదు వారాల్లో మొదలైతే మరీ మంచిది. ప్రోటాన్ కోసం వేచి ఉండి పదో వారంలో మొదలుపెట్టడం కన్నా, దగ్గరలోని మంచి లీనాక్ యంత్రంతో, అంటే మామూలు ఎక్స్-రే రేడియేషన్ ఇచ్చే యంత్రంతో, ఐదో వారంలో మొదలుపెట్టడమే మేలు. నేటి లీనాక్ యంత్రాలు ఆ తమ్ముడి చిన్నతనం నాటివి కావు, వాటితో కూడా చెవిని, గ్రంథులను చాలావరకు తప్పించగలరు. తిరుపతిలో 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, బెంగళూరులో కిద్వాయ్, ఇవన్నీ మనకు చేరువలో ఉన్నవే. కాబట్టి రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంచండి. శస్త్రచికిత్స జరిగిన నాటి నుంచి లెక్కించి 49వ రోజు ఏ తేదీన పడుతుందో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

రాయచోటి బాబు, కువైట్
మంగళవారం, రాత్రి 8.50

అన్నలకు, అక్కలకు సలాం. ఇక్కడ మన రాయచోటి, రాజంపేట వాళ్లు వేలమంది ఉన్నారు. మేము నెలనెలా కొంత వేసుకుంటే కడపలోనే ఒక ప్రోటాన్ యంత్రం పెట్టించలేమా? మన పిల్లలు ముంబైకీ చెన్నైకీ ఎందుకు తిరగాలి?

కొలతల మనిషి, కర్నూలు
మంగళవారం, రాత్రి 9.35

బాబూ, మీ మనసుకు దండం. అయితే ఇది ఎక్స్-రే గది కట్టినట్టు కట్టేది కాదు. ప్రోటాన్లను కాంతి వేగంలో సగానికి మించిన వేగానికి తెచ్చే సైక్లోట్రాన్, ఆ పుంజాన్ని రోగి చుట్టూ తిప్పే వంద టన్నులకు పైబడిన ఇనుప చట్రం, మీటర్ల మందంతో కాంక్రీటు గోడలు, నిమిషం కూడా తొణకని కరెంటు, ఇవన్నీ కలిసి వందల కోట్ల వ్యవహారం. అంతకన్నా కష్టమైనది మనుషులు. పిల్లల రేడియేషన్ తెలిసిన డాక్టరు, ఫిజిసిస్టు, టెక్నీషియన్, రోజూ మత్తు ఇవ్వగల డాక్టరు, నర్సు, ఇందులో ఏ ఒక్కరు లేకపోయినా యంత్రం ఉత్త ఇనుమే. ఒక జిల్లాలో ఏడాదికి ఇలాంటి పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు, అందువల్ల ఇలాంటి కేంద్రం ఒక పెద్ద ప్రాంతానికి ఒకటి ఉండటమే సబబు.

ఒక సంగతి మీరు గమనించారా? మన దేశంలో చెన్నైలో ఒకటి, ముంబైలో ఒకటి ఉన్నాయి, ఆ రెండు ఊళ్లను కలిపే రైలు దారి గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప మీదుగానే పోతుంది. యంత్రం మన ఊరికి రాదు, రైలు మన ఊరి నుంచే పోతుంది.

కాగితాల సుబ్బయ్య, కర్నూలు
బుధవారం, ఉదయం 6.20

నేను ఆస్పత్రి కాగితాల మధ్య ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడిని. డబ్బు విషయంలో నాకు తెలిసినది రాస్తాను.

మొదట రాష్ట్ర ప్రభుత్వ పథకం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ ప్యాకేజీలు ఉన్నాయి. పాప చేరబోయే ఆస్పత్రి, చేయబోయే రేడియేషన్ పద్ధతి జాబితాలో ఉన్నాయా అని వైద్యమిత్ర కౌంటరులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, నోటి మాట నమ్ముకొని బండి ఎక్కవద్దు. రెండవది ముఖ్యమంత్రి సహాయ నిధి. బిల్లు కట్టిన తర్వాత అడిగేది ఒక పద్ధతి, చికిత్సకు ముందే ఆస్పత్రి అంచనా పత్రం జతచేసి ఎల్వోసీ, అంటే ముందస్తు మంజూరు పత్రం, అడిగేది ఇంకొక పద్ధతి. మీకు కావలసింది రెండవది, ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పంపించండి. మూడవది ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి. అక్కడ ముందే ఖర్చు పెట్టేసిన డబ్బుకు సాయం రాదు, మంజూరైన మొత్తం నేరుగా ఆస్పత్రికే పోతుంది, కాబట్టి అంచనా పత్రం చేతికి రాగానే దరఖాస్తు పంపాలి.

రైలు సంగతి చాలామందికి తెలియదు. చికిత్సకు వెళ్లివచ్చే క్యాన్సర్ రోగికి స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్టు ధర పూర్తిగా మినహాయిస్తారు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గిస్తారు. ఆస్పత్రి డాక్టరు నిర్ణీత నమూనాలో సంతకం, ముద్ర వేసి ఇచ్చిన పత్రం కావాలి.

దాతలకు ఒక మనవి. పాప పేరున ఎవరి సొంత ఖాతాకూ డబ్బు పంపవద్దు. ఆస్పత్రి ఇచ్చిన రోగి నంబరు మీద ఆస్పత్రి ఖాతాకే జమ చేసి, రసీదు కుటుంబానికి పంపండి.

సద్ది మూట అక్క, తాడిపత్రి
బుధవారం, మధ్యాహ్నం 3.00

మాస్టరు గారూ, నా కొడుకుకు నాలుగున్నర ఏళ్లప్పుడు వేరే రకం మెదడు కణితికి ఆరు వారాలు రేడియేషన్ ఇప్పించాను. అది ప్రోటాన్ కాదు, లీనాకే. వాడు ఇప్పుడు ఏడో తరగతి. అందరూ యంత్రం ఖరీదు గురించే రాస్తున్నారు, ఆ ఆరు వారాలు ఎట్లా గడుస్తాయో ఎవరూ రాయలేదు గనుక నేను రాస్తాను.

మొదటి రోజు ముఖానికి మాస్కు చేస్తారు. వలలా సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో ముంచి మెత్తబరిచి, తడి తడిగా ముఖం మీద పరిచి నొక్కుతారు. కొన్ని నిమిషాల్లో అది గట్టిపడి ముక్కు, గడ్డం, నుదురు అచ్చు దిగుతుంది. తర్వాత ప్రతిరోజూ ఆ మాస్కును పిల్లవాడి తలతో సహా బల్లకు బిగిస్తారు. గదిలో తల్లిని ఉండనివ్వరు. మా వాడు మొదటి రోజు అరిచిన అరుపు తలుపు ఇవతల నాకు వినిపించింది. చిన్నపిల్లవాడు కదలకుండా ఉండలేడని రోజూ మత్తు ఇచ్చారు, అంటే రోజూ పొద్దున పరగడుపే. ఆకలికి ఏడ్చే పిల్లవాడిని ఎత్తుకొని, పక్కన ఎవరూ టిఫిన్ పొట్లం విప్పని మూల వెతుక్కుంటూ తిరిగాను. మా వరుస కొన్ని రోజులు మధ్యాహ్నం పన్నెండు దాటి వచ్చేది. ముప్పై రోజులు అట్లా.

గది అద్దె, ఆటో, పాలు, బియ్యం, ఇంటి దగ్గర పెద్దదాన్ని చూసుకునే మా జేజికి మందులు, ఆయన కూలి పోవడం, ఇవన్నీ ఏ పథకంలోనూ రావు. మూడో వారం మా దగ్గర చేతిలో నాలుగు వందల రూపాయలు మిగిలాయి. ఇంటికి పోదామని ఆయన సంచి సర్దాడు. ఆ రాత్రి పక్క గదిలో ఉన్న ప్రొద్దుటూరు వాళ్లు బియ్యం ఇచ్చి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడకపోతే, లెక్కల పుస్తకం అన్న గారు చెప్పిన ఖాళీ గడుల్లో నా కొడుకు పేరు కూడా ఉండేది.

ఇంకొక మాట, అది రాయకుండా ఉండలేను. ఆడపిల్లకు అంత ఖర్చా, రేపు పెళ్లప్పుడు ఈ జబ్బు సంగతి చెప్పాలి కదా అని ఆ ఇంట్లో ఎవరో ఒకరు అని ఉంటారు. ఆ మాట మీ ఎదుట అనరు, తల్లి దగ్గర అంటారు. ఆ తల్లితో నేను మాట్లాడతాను, నా నంబరు మీకు విడిగా పంపుతాను.

చెరువుకట్ట మాస్టరు, కడప
బుధవారం, రాత్రి 10.10

అక్కా, అన్నారు. పాప మేనమామే అన్నాడు. తల్లి ఈ రోజు నా భార్యతో చెప్పుకొని ఏడ్చింది. దయచేసి రేపు ఉదయం ఫోన్ చేయండి.

ఒక చిక్కు కూడా వచ్చింది. ఖార్‌ఘర్‌కు ఈమెయిల్ పంపుదామని చూస్తే మా దగ్గర డిశ్చార్జి కాగితం ఒక్కటే ఉంది. బయాప్సీ గాజు పలకలు (స్లైడ్లు), బ్లాకులు కావాలని శస్త్రచికిత్స చేసిన ఆస్పత్రిలో అడిగితే, సెక్షన్ అధికారి సెలవులో ఉన్నారని, వచ్చే వారం రమ్మని చెప్పి పంపించారు. రోజుల లెక్క 18కి చేరింది.

కొలతల మనిషి, కర్నూలు
బుధవారం, రాత్రి 10.50

మాస్టరు గారూ, బ్లాకులు అంటే కణితి ముక్కను మైనంలో పోసి దాచిన దిమ్మెలు. ఆ కణితి ఏ ఉపరకానికి చెందినదో జన్యు పరీక్షతో తేల్చడానికి అవి తప్పనిసరి, మోతాదు నిర్ణయించేటప్పుడు ఆ ఉపరకాన్ని కూడా చూస్తారు. అవి రోగి అడిగితే ఇవ్వవలసినవి. తండ్రి సంతకంతో దరఖాస్తు రాసి, చికిత్స ఆలస్యమైతే ప్రాణానికి ముప్పు అని అందులో స్పష్టంగా చెప్పి, సూపరింటెండెంటు గారికి చేతికి ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వాటితో పాటు శస్త్రచికిత్స నోట్సు, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఎంఆర్ఐ సీడీలు, వెన్ను మొత్తానికి తీసిన ఎంఆర్ఐ, వెన్నునీటి పరీక్ష ఫలితం అడగండి. ఫిల్ములు చాలవు, సీడీయే కావాలి. అన్నీ వచ్చేదాకా ఆగకండి, ఉన్నవి ఈ రాత్రే స్కాన్ చేసి పంపండి.

లెక్కల పుస్తకం, అనంతపురం
గురువారం, ఉదయం 9.15

తాడిపత్రి అక్కగారు రాసింది మా బృందంలో అందరికీ చదివి వినిపించాను. ప్రోటాన్ ఫీజు మీద నా అభిప్రాయం ఇప్పటికీ అదే. ఖార్‌ఘర్‌లో రాయితీ, ప్రభుత్వ నిధులు కలిసి అది సర్దుబాటు అయితే పోనివ్వాలి, కాకపోతే ఒక్క పాప కోసం మిగతా పిల్లల మందుల డబ్బు తీయకూడదు. అయితే ఆరు వారాల తిండి, గది, ప్రయాణం, తండ్రి కూలి మేము పెట్టుకుంటాము, పాప ప్రోటాన్‌కు పోయినా, లీనాక్‌కు పోయినా ఇది మారదు. వారం వారం పంపుతాము, ఒకేసారి ఇవ్వము. ఎందుకంటే మూడో వారంలోనే సంచి సర్దుకోవడం మేమూ చూశాము. ముంబైలో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ వారు క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా గది, సరుకులు ఇస్తారు. చికిత్స చేసే ఆస్పత్రి సిఫారసు మీదనే చోటు దొరుకుతుంది గనుక, చేరిన రోజే అక్కడి సోషల్ వర్కరును కలవమనండి.

రాయచోటి బాబు, కువైట్
గురువారం, సాయంత్రం 6.40

యంత్రం మాట వదిలేశాను అన్నా. భాష సంగతి ఎవరూ అడగలేదు. తండ్రికి హిందీ రాదు కదా. మా చిన్నాన్న కొడుకు పన్వేల్‌లో పనిచేస్తున్నాడు, ఖార్‌ఘర్ అక్కడికి దగ్గరే. మొదటి వారం సెలవు పెట్టి డాక్టరు చెప్పే ప్రతి మాటా వాళ్లకు తెలుగులో చెబుతానన్నాడు. ఇక్కడ మేము పన్నెండు మందిమి కలిశాము, ఆస్పత్రి నంబరు రాగానే జమ చేస్తాము.

చెరువుకట్ట మాస్టరు, కడప
తర్వాతి మంగళవారం, రాత్రి 9.20

బ్లాకులు చేతికి వచ్చాయి. సుబ్బయ్య గారు కర్నూలు నుంచి ఫోన్‌లోనే దరఖాస్తు చెప్పి రాయించారు, మూడో రోజు ఇచ్చారు. ఖార్‌ఘర్ నుంచి జవాబు వచ్చింది: పాపను చూసి, అక్కడి డాక్టర్లంతా కూర్చొని నిర్ణయిస్తారట, ప్రోటాన్ వరుస సకాలంలో దొరకకపోతే తమ దగ్గరే లీనాక్ మీద మొదలుపెడతామని స్పష్టంగా రాశారు. తిరుపతిలో కూడా కాగితాలు ఇచ్చి ఉంచాము. ఎల్వోసీ దరఖాస్తు ఎమ్మెల్యే కార్యాలయంలో ఉంది. పొలం అమ్మలేదు. నేటికి 24 రోజులు.

తాడిపత్రి అక్క తల్లితో రెండుసార్లు గంటసేపు మాట్లాడారు. మేనమామ నిన్న వచ్చి, రాకపోకలకు ఉంచుకోమని ఐదు వేలు ఇచ్చి వెళ్లాడు. ఎల్లుండి రాత్రి ముంబై రైలుకు ఎర్రగుంట్లలో ఎక్కుతారు, టికెట్లు రాయితీ మీదే దొరికాయి.

ఏడేళ్ల పిల్ల కాబట్టి కదలకుండా ఉండగలిగితే మత్తు లేకుండానే చేయవచ్చునని, అట్లయితే పరగడుపు బాధ తప్పుతుందని అక్క చెప్పారట. అందుకని నాలుగు రోజులుగా తల్లి తడి టవలు పాప ముఖం మీద పరిచి, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి అలవాటు చేయిస్తోంది. నేను ఈ సాయంత్రం వెళ్లేసరికి టవలు కింద నుంచి పాప గొంతు వినిపిస్తోంది, అంకెలు లెక్కపెడుతోంది. మొదటి రోజు ఇరవై దాటలేదట. ఈ రోజు రెండు వందల పదహారు దాకా వెళ్లి, నేను వచ్చిన చప్పుడు విని లేచి కూర్చుంది.

సద్ది మూట అక్క, తాడిపత్రి
తర్వాతి మంగళవారం, రాత్రి 9.45

మూడు వందల దాకా చేయించండి మాస్టరు గారూ. రైల్లో కూడా మానవద్దని చెప్పండి. తాడిపత్రిలో రైలు ఆగినప్పుడు నేను ప్లాట్‌ఫారం మీద ఉంటాను, బోగీ నంబరు పంపండి. సద్ది, ఒక మెత్తని దుప్పటి తెస్తాను, ఆ బల్ల చాలా చల్లగా ఉంటుంది.